ఉన్నది చదివే మనిషి

గంటకి ముందు యాన్ పెట్టాలి, ఎ పెట్టకూడదు, ఎందుకంటే అవర్ అన్న మాటకి మొదట్లో హెచ్ రాసుంటుందే గాని పలకదు, పలకనిదాన్ని చెవి పట్టించుకోదమ్మాయ్, ఇది కంటి పని కాదు, చెవి పని, అన్నారు మాస్టారు ఎప్పుడో పదిహేడేళ్ల కిందట. ఆ మాట ఇప్పుడు గుర్తు రావడానికి కారణం ప్రెస్సు యజమానిగారి అల్లుడుగారు. "ఒక్క గంటండీ. ఆయనొక్కరే చూడాలి. మీరిక్కడ కూర్చోండి" అని నడవాలో మంచినీళ్ల క్యాను పక్కనున్న స్టూలు చూపించి, ప్రూఫ్ గదిలోకి వెళ్లి తలుపు మూసుకున్నారు. గడియారం పదకొండు చూపిస్తోంది. యాన్ అవర్. ఈ గంటలో మాస్టారు ఒక పేజీ చూడాలి. అందులోంచి అల్లుడుగారు కావాలని ఇరవై చోట్ల ఎ, యాన్, ది అనే ఆర్టికల్స్ పీకేశారు. అవెక్కడెక్కడివో పట్టుకుని నీలం పెన్సిల్‌తో తిరిగి పెట్టాలి. పెడితే మాస్టారి కుర్చీ మాస్టారిదే. పెట్టలేకపోతే ఈ శుక్రవారం సాయంత్రం టీ, బిస్కెట్లు, బహుమతిగా ఒక గోడగడియారం, అల్లుడుగారి నోటివెంట రెండు మంచిమాటలు, గేటు దాకా సాగనంపడం. అంతా బాగానే ఉంది గాని, మాస్టారికి ఆ పేజీ కనపడదు. మూడేళ్లుగా ఏ పేజీ కనపడటం లేదు. ఈ సంగతి ఈ మూడంతస్తుల ప్రెస్సులో ఆయన పక్కన కూర్చుని చదివే ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇంకో సంగతి కూడా ఇక్కడ ఆమె ఒక్కదానికే తెలుసు, అది కడుపులో పెట్టుకుని తొమ్మిది రోజులుగా గొంతులోకి ముద్ద దిగడం లేదు, దాన్ని తలుచుకోకుండా ఉండటానికని ఎదురుగోడ మీదున్న అగ్నిప్రమాదం బోర్డు చదవడం మొదలుపెట్టింది.

బ్రేక్ గ్లాస్. ప్రెస్ బటన్. లీవ్ బిల్డింగ్. మూడు ఎర్ర వాక్యాలు, మూడింట్లోనూ ఒక్క ఆర్టికల్ లేదు. కొత్తలో ఈ బోర్డు చూసి, మాస్టారూ ఇందులో తప్పులున్నాయండీ, అని ఏదో నిధి దొరికినంత సంబరంగా చెబితే ఆయన నవ్వి, ఇల్లు తగలబడుతుంటే మర్యాదలేమిటమ్మాయ్, బోర్డులకీ టెలిగ్రాములకీ ఆ తొందర ఉంటుంది, వదిలెయ్, అన్నారు. వదిలెయ్యమన్నారు గాని నాలుక వదలదే. బ్రేక్ ది గ్లాస్. ప్రెస్ ది బటన్. అదుగో, మళ్లీ! కళ్లు బోర్డు మీదే ఉన్నాయి, ఆ ది బోర్డు మీద లేదు, అయినా నోట్లోంచి వచ్చేసింది. ఆమె పెదాలు గట్టిగా బిగించుకుంది. నీళ్ల క్యానులో బుడగ ఒకటి గుడుక్కుమని పైకి పోయింది. కిందంతస్తులో మిషను కొడుతున్న చప్పుడు స్టూలు కాళ్లలోంచి నడుము దాకా వస్తోంది, డబడబ డబడబ, ఫ్యాన్ల పుస్తకం అచ్చవుతోంది కాబోలు, మొన్న తామిద్దరూ చూసి పంపిందే, ప్రతి మాట కింద వేలు పెట్టుకుని చదివింది దాన్ని, ఏమ్మా గొంతు నడక తగ్గింది, ఒంట్లో బాగాలేదా, అని మాస్టారు అడిగితే జలుబండీ అని అబద్ధమాడింది.

ఇక్కడ కథల పుస్తకాలూ క్యాలెండర్లూ వెయ్యరు. కుట్టుమిషను కొన్నా, నీళ్ల పంపు కొన్నా, ఫ్యాను కొన్నా అట్టపెట్టె అడుగున చిన్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంటుంది, కొన్న రోజున ఎవరూ తెరవరు, తీరా మిషను మొరాయించిన రోజున దానికోసం ఇల్లు పీకి పందిరేస్తారు, అదీ ఇక్కడ వేసేది. వాటికి తప్పులు దిద్దేది మాస్టారు. ఆయన ఏ బళ్లోనూ పాఠాలు చెప్పిన మనిషి కాదు, మాస్టారన్నది ఆమె పెట్టుకున్న పిలుపు. మెషిన్‌మెన్ ఆర్టికల్స్ తాతగారంటారు, ఆయనకి వినపడేటట్టే. ఆమెని రేడియో అంటారు, పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే ఐదింటి దాకా ఆ గదిలోంచి గొంతు ఆగకుండా వస్తూనే ఉంటుంది గనక. కామా, ఫుల్‌స్టాప్, కొత్త పేరా, అన్నీ పైకి చదవాలి. ఒకరు చదవడం, ఒకరు పట్టుకోవడం, ప్రూఫ్ పని ఎప్పుడూ ఇద్దరి పనే. దానికి ఇద్దరెందుకూ? అని అల్లుడుగారు వచ్చిన మొదటివారంలోనే అడిగారు. యజమానికి మోకాళ్లు మొరాయించాక ఆ కుర్చీలోకి ఆయన అల్లుడు వచ్చి ఆరు నెలలైంది. మేనేజర్ అని తలుపు మీద ఇత్తడి పలక కొట్టించుకున్నా, వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరికీ ఆయన అల్లుడుగారే. ఒకరిద్దరు నోరు జారి ఎదురుగానే అనేస్తే, పాపం, పలికారు కూడా. చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుంటూ కూర్చోవచ్చు.

ఆయన్ని తిట్టుకోవడానికేమీ దొరక్క, ఆలోచన మళ్లీ కిందికి దిగిపోయింది, మిషను చప్పుడు దగ్గరికి, దాని పక్కన మడతల సెక్షన్‌కి. నాలుగేళ్లు అక్కడ కాగితాలు మడిచి పిన్ను కొట్టింది, బొటనవేలి గోరు అరిగిపోయి ఎప్పుడూ నల్లగా ఉండేది. ఒకరోజు మాస్టారు దిగొచ్చారు. తన దగ్గర చదివే మనిషి వేరేచోట పని దొరికి వెళ్లిపోయాడట. ఇక్కడ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని గట్టిగా చదవగలిగేవాళ్లు, కానీ ఇంగ్లీషు బొత్తిగా రానివాళ్లు ఎవరైనా ఉన్నారా అమ్మా, అని అడిగారు. సెక్షనంతా గొల్లుమంది. రానివాళ్లు కావాలని వెతుక్కుంటూ వచ్చినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాం అంది పక్కనామె. తను మటుకు చెయ్యెత్తింది. ఎనిమిదో తరగతితో ఆపేసిన చదువు. అక్షరాలు తెలుసు, అర్థాలు తెలియవు. రానితనానికి ఉద్యోగమిస్తామంటే ఎవరు మాత్రం ఎత్తరు? పైకి తీసుకెళ్లి, పంపుల పుస్తకం ఇచ్చి చదవమంటే, గుడ్డెద్దు చేలో పడ్డట్టు చదివింది. ఆయన కళ్లు మూసుకుని విని, చాలా బాగుందమ్మాయ్ అన్నారు. వెక్కిరింపనుకుంది. కాదు. ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఉన్నది చదవరు, ఉండాల్సింది చదువుతారు, వాళ్ల నాలుకే తప్పు దిద్దేస్తుంది, నా దాకా రానివ్వదు, నాకు ఉన్నది చదివే మనిషి కావాలి, అన్నారు. ఆ రోజు ఆ మాట సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి పదిహేడేళ్లూ, ఒక ఉత్తరమూ పట్టింది.

ఉత్తరం వద్దు. ఇంకా ముప్పావుగంట ఉంది, ఉత్తరం దగ్గరికి ఎలాగూ వెళ్తుంది, ఇప్పుడే వద్దు. స్క్రూల సంగతి తలుచుకోవడం మేలు. పంపుల పుస్తకంలో, టర్న్ ది స్క్రూ, అని వచ్చింది. మాస్టారి వేలు బల్ల మీద ఠక్కుమంది. తప్పు వినపడితే ఆయన నోటితో అనరు, చూపుడువేలితో బల్ల మీద ఒక్క దెబ్బ, అంతే. ఏం మాస్టారూ, ఇందులో తప్పేముందండీ? ఏమో, అక్కడెన్ని స్క్రూలున్నాయో, అన్నారు. రాసిన ఇంజనీరుకి ఫోన్ చేస్తే ఆర్టికల్‌కీ స్క్రూకీ సంబంధమేమిటండీ అని విసుక్కున్నాడు. మాస్టారు కుర్చీలోంచి లేచి, కండువా సర్దుకుని, రెండు వీధులవతల పంపులమ్మే షాపుకి నడిచెళ్లి, ఒక పంపు మూత తీయించి వంగి చూసి వచ్చారు. నాలుగున్నాయట. ఒక్కటే ఉంటే ది పెట్టు, కొనుక్కున్నవాడు తిన్నగా దానిమీదికే వెళ్తాడు. నాలుగుండగా ది పెడితే వాడు నాలుగింటి మధ్య నిలబడి తల గోక్కుంటాడు, లేదా చేతికందింది తిప్పేస్తాడు, నీళ్లు మొహాన కొడతాయి. అప్పుడు పై కుడిమూల స్క్రూ అని రాయించారు, ది నిలబడింది. మూడక్షరాల ముక్క కోసం ఎండలో అంత దూరం! కందకు లేని దురద కత్తిపీటకెందుకు తాతగారూ అని మెషిన్‌మెన్ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. ఆయన నుదుటి మీద చెమట చూస్తూ నిలబడిపోయింది. ఈ భూమ్మీద ఏ పనినైనా ఇలా చెయ్యచ్చన్నమాట, అనుకుంది. అంతకుముందు ఆమెకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

నేర్పమని ఆమె అడగలేదు, నేర్పుతానని ఆయనా అనలేదు. నేర్పకూడదు కూడా, ఆయన ఏరికోరి తెచ్చుకున్నదే రానిదాన్ని. కానీ రోజూ ఆ వేలు ఠక్కుమన్నచోటల్లా ఏం జరిగిందో తెలుసుకోకుండా ఎవరైనా ఎన్నాళ్లుంటారు? ఒక మధ్యాహ్నం పట్టలేక అడిగేసింది, ఎక్కడ ఎ, ఎక్కడ ది, ఎలా తెలుస్తుందండీ అని. ఆయన పెన్సిల్ కింద పెట్టి, మీ ఇంట్లో నువ్వు పిల్లి పాలు తాగేసిందీ అంటే మీ అత్తగారు ఏమంటారు? అన్నారు. ఏ పిల్లే? అంటుందండీ. ఆ, ఆవిడకి ఏ పిల్లి అని అడిగే అవసరం ఉన్నంతసేపూ అది ఎ. ఏదో ఆవిడకీ తెలిసిపోయాక ది. ఎదుటిమనిషికి ఏం తెలుసో, ఏం తెలియదో ముందే ఆలోచించిపెట్టడమమ్మాయ్, అంతకన్నా ఏం లేదు దీంట్లో, అన్నారు. మరి ఏదీ పెట్టనిచోట? పేరున్న మనిషిని ఏ మనిషీ అని అడగరుగా. నీళ్లని పట్టుకుని ఏ నీళ్లూ అని అడగరుగా. అలాంటిచోట ఊరుకోవాలి, ఊరుకోవడం కూడా తెలియాలి. ఆమె ఇంటికెళ్లి ఇదంతా అత్తగారికి చెబితే ఆవిడ, మూడు ముక్కలు నేర్చుకోవడానికి ఇన్నేళ్లా, ఈపాటికి నేను మూడు చీరలకి ఎంబ్రాయిడరీ చేసేదాన్ని, అంది. చేతిలో సూది ఆపకుండానే అంది. ఆవిడకేం తెలుసు, ఆ మూడు ముక్కలూ వచ్చాక వీధి వీధంతా మారిపోయిందని! బస్సు వస్తుంటే ఎ బస్. తన నంబరు బస్సు వస్తుంటే ది బస్. పార్కులో ఎ మ్యాన్. మర్నాడు అదే బెంచీ మీద అతనే కనపడితే ది మ్యాన్, ఇక అతను కొత్తవాడు కాడు. లోకంలో ప్రతిదీ ఏదో ఒకరోజు ఎ నుంచి ది అవుతుందని, అయ్యేదాకా దాన్ని ఓపిగ్గా చూడాలని మాస్టారి దగ్గరే తెలిసింది ఆమెకి. ఆ కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియక పదిహేడేళ్లూ రోజుకి రెండుసార్లు టీ తెచ్చిచ్చింది.

పదకొండూ ఇరవై ఐదు. తలుపుకున్న గరుకు గాజులోంచి లోపల రెండు నీడలు. కిటికీ వైపు నిలబడ్డది అల్లుడుగారు. కూర్చున్నది మాస్టారు, తల కాస్త పక్కకి తిప్పి. అలా తిప్పడం చూసి అందరూ వయసు మీద పడ్డ ఠీవి అనుకుంటారు. కంటి నడుమ చూపు పోయింది, అంచులు మిగిలాయి, ఎటు తిన్నగా చూస్తే అక్కడ బూడిద, పక్కనున్నవి మాత్రం కనపడతాయి, అందుకని మెట్లెక్కగలరు, గుమ్మం దాటగలరు, మనిషిని నడక చూసి పోల్చుకోగలరు, అక్షరం మాత్రం ఎక్కడ చూస్తే అక్కడినుంచి జారిపోతుంది. ఆయన చెప్పలేదు. మూడేళ్ల కిందట ఒకనాడు తనే కంగారులో ఫ్యాన్ల ప్రూఫ్ ఆయన ముందు పెట్టి, చేతిలో ఉన్న తూకం మిషను కాగితం చదివింది. ఆయన పెన్సిల్ ఒక్కో లైను మీదుగా నింపాదిగా దిగుతోంది, తల ఊగుతోంది, ఫ్యాను రెక్కల బొమ్మ మీదుగా కూడా అలాగే దిగింది. ఆమె గొంతు ఒక్క క్షణం ఆగింది. ఆగి, మళ్లీ నడిచింది. ఆ మర్నాటి నుంచి పద్ధతి మారిపోయింది, ఇద్దరూ ఒక్కమాట అనుకోకుండానే. వెనక ఆమె చదివింది రాతప్రతి, ఆయన చూసింది ప్రూఫ్. ఇప్పుడు ప్రూఫ్ ఆమే చదువుతుంది, కామాలతో సహా ఉన్నదున్నట్టు, ఆయన కళ్లు మూసుకుని వింటారు, తప్పున్నచోట వేలు ఠక్కుమంటుంది, ఆయన నీలం పెన్సిల్‌తో అచ్చం ఆయన రాతలాగే ఆమె గుర్తు పెడుతుంది. నడవాలో అడుగుల చప్పుడు వినపడితే పెన్సిల్ ఆయన వేళ్ల మధ్యకి చేరిపోతుంది. మూడేళ్లలో ఒక్క తప్పు దాటిపోలేదు. చూపున్న రోజుల్లో కూడా ఏడాదికి ఒకటో రెండో దాటేవి! నిండుకుండ తొణకదంటారు, అలా కూర్చుని వినేవారు మహానుభావుడు, అక్షరం కనపడకుండా ఐదువందల పుస్తకాలు దిద్దారు.

తొమ్మిది రోజుల కిందట వచ్చింది ఆ ఉత్తరం. కుట్టుమిషన్ల కంపెనీవాళ్లది. వారానికోసారి ఆ కన్నంలో కాస్త నూనె వెయ్యండి అని ఉండాల్సింది, ఎ లిటిల్ ఆయిల్ అని. మీరు వేసినదాంట్లో ఎ లేదు, ఉత్త లిటిల్ ఆయిల్ అనుంది, నూనె అంతంతమాత్రం చాలని అర్థమొచ్చింది, కొన్నవాళ్లు నూనె చుక్క వెయ్యడానికి భయపడ్డారు, మిషన్లు పట్టేసి వెనక్కొస్తున్నాయి, అని. అల్లుడుగారు ప్రూఫ్ గదిలోనే నిలబడి పైకి చదివారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్లింది. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. విని, "చూసింది నేనే. బాధ్యత నాదే" అన్నారు, అంతే. ఈ పరీక్ష ఆ మాటలోంచే పుట్టింది. అందరూ వెళ్లాక ఆమె కట్టలు విప్పి పాత ప్రూఫ్ తీసింది. పుట్ లిటిల్ ఆయిల్ అనే ఉంది. ఎ లేదు. ఆ లైను దగ్గర ఆయన వేలు మోగలేదని ఆమెకి బాగా గుర్తు. ఆయనకి తెలియకనా? ఆ చెవికా? కాగితం బల్ల మీద పెట్టి మామూలుగా పైకి చదివింది, పుట్ ఎ లిటిల్ ఆయిల్. మళ్లీ చదివింది. పుట్ ఎ లిటిల్ ఆయిల్. కళ్లు కాగితం మీదే ఉన్నాయి, తల్లి మీద ఒట్టు, కాగితం మీద లేనిది నాలుక మీద ఉంది. మూడోసారి వేలు పెట్టుకుని, మడతల సెక్షన్ నుంచి వచ్చిన కొత్తల్లో చదివినట్టు మాట మాట కూడబలుక్కుని చదివితే గాని పోలేదు. ఆయన ఏరి తెచ్చుకున్న రానితనం ఎప్పుడు ఎక్కడ పోయిందో ఆమెకే తెలియలేదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు. ఆమె నోరు ఆయన చెవిని మోసం చేసింది, ఆయన తల వంచుకుని నిలబడ్డారు, ఆమె పక్కనే నిలబడి చూసింది.

చెప్పచ్చుగా? అంది అత్తగారు మూడో రోజున, ముద్ద ముట్టకుండా లేచిపోతుంటే పట్టుకుని కక్కించి. చెప్పాలంటే ప్రూఫ్ నేను చదువుతున్నానని చెప్పాలి అత్తయ్యా, అది చెబితే ఆయనకి చూపు లేదని చెప్పినట్టే, ఆయన గుట్టు నా నోటితో ఎలా విప్పను? ఇది చాలా న్యాయంగా వినపడింది, ఆమెకి. ఆయన, అంటే ఆమె మొగుడు, బస్సు డ్రైవరు, నిజమేలే అన్నాడు కూడా. అత్తగారు మళ్లీ సూది అందుకుంది. ఇవాళ పొద్దున చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, దారం కొరికి ఉమ్మేసి, "గుట్టు గుట్టంటావు, ఎవరి గుట్టే నువ్వు కాపాడేది? ఆయనదా, నీదా?" అంది. సూదితో పని చేసేవాళ్ల మాటలు కూడా అలాగే ఉంటాయి. బస్సులో అంతా ఆ మాటే. ఎ బస్సో ది బస్సో కూడా చూసుకోలేదు.

పదకొండూ నలభై. నీడ కదల్లేదు. పెన్సిల్ పట్టుకున్న చెయ్యి బల్ల మీద ఎక్కడ పెట్టారో అక్కడే ఉంది. ఆయన పరీక్షకి ఎందుకు ఒప్పుకున్నారు? సరే బాబూ, అన్నారు నిన్న, కాఫీ తాగుతారా అంటే అన్నట్టు. ఏం చేస్తున్నారు లోపల? ఎప్పుడో చదివిన వాక్యాలు తలుచుకుంటున్నారేమో. పక్కచూపుతో కాగితం అంచు చూస్తున్నారేమో, అంచు తెల్లగా ఉంటుంది. పన్నెండు కొడుతుంది. అల్లుడుగారు కాగితం తీసుకుంటారు, ఒక్క గుర్తు ఉండదు. అప్పుడు ఆయన గుట్టు ఆమె విప్పకుండానే దానంతటదే బయటపడుతుంది. కళ్లు లేవుగా, అందుకే ఆ తప్పు దాటిపోయింది, అంటారు ప్రెస్సంతా. అయ్యో పాపం అంటారు. మెషిన్‌మెన్ ఇక నవ్వరు, అది మరీ ఘోరం. ఆయన గోడగడియారం చంకలో పెట్టుకుని, తను చెయ్యని తప్పు నెత్తిన పెట్టుకుని మెట్లు దిగుతారు. ఆమె గుట్టు మాత్రం ఆమె దగ్గరే ఉంటుంది, భద్రంగా, ఎవరూ పట్టుకోలేరు, ఆ ప్రూఫ్ చింపేస్తే సరి. అంటే అత్తగారు అడిగిందానికి జవాబు అదే అన్నమాట. పలకని హెచ్‌ని చెవి పట్టించుకోదు నిజమే, కానీ అది రాసైతే ఉంటుంది కదా, కాగితం మీద చెరగకుండా ఉంటుంది కదా. బ్రేక్ గ్లాస్, అంది ఎదురుగోడ. ఈసారి అంతే చదివింది, ఎంతుందో అంతే. లేచి నిలబడేసరికి కాలు తిమ్మిరెక్కి ఉంది, గోడ పట్టుకుని రెండడుగులు వేసి తలుపు తోసింది.

"ఇంకా పద్నాలుగు నిమిషాలుందండీ" అన్నారు అల్లుడుగారు కిటికీ దగ్గర్నుంచి. బల్ల మీద కాగితం తెల్లగా ఉంది, ఒక్క నీలం గీత లేదు. మాస్టారు తల తిప్పారు, ఆమె నడక ఆయనకి తెలుసు.

"కుట్టుమిషను పుస్తకంలో తప్పు మాస్టారిది కాదండీ, నాది. ప్రూఫ్‌లో ఎ లేదు, నేను ఉన్నట్టు చదివాను. ఆయన సరిగ్గానే విన్నారు."

"విన్నారా? విన్నారేంటండీ, చూడలేదా?"

ఆమె మాస్టారి వైపు చూసింది. ఇక్కడిదాకా వచ్చినా ఆ గుట్టు ఆమెది కాదు. మాస్టారే అందుకున్నారు. "లేదు బాబూ. నేను అక్షరం చూసి మూడేళ్లయింది. ఆ మాట చెబుదామనే ఇందాకట్నుంచి కూర్చున్నాను, చెప్పడం చేతకాలేదు" అని, ఆమె వైపు తిరిగి, "తప్పు నీదేనని నాకు తెలుసమ్మాయ్. ఉత్తరం వచ్చిన రోజే తెలుసు. ఆ వాక్యం నీ గొంతులో విన్నది గుర్తుంది. అందులో ఎ ఉంది" అన్నారు.

"మరి చెప్పలేదేం మాస్టారూ? తొమ్మిది రోజులు!"

"ఏమని చెప్పను? ఇంగ్లీషు ముక్క రాదని ఏరికోరి తెచ్చుకున్న పిల్లవి. నాలుకే తప్పు దిద్దేసేటంత వచ్చేసింది నీకు. అది నీ తప్పని నా నోటితో ఎలా అనను?"

కింద మిషను ఆగింది, కాగితం మారుస్తున్నారు కాబోలు, ఆ నిశ్శబ్దంలో ఆమె ఏడుపు గట్టిగా వినపడింది, సిగ్గేసింది, కొంగుతో మొహం అదిమి తుడుచుకుంది. అల్లుడుగారు తన చేతిగడియారం వంక, ఆ తెల్లకాగితం వంక, వాళ్లిద్దరి వంక చూశారు. ఆ తరవాత మూలనున్న ఆమె కుర్చీ తనే తీసుకొచ్చి మాస్టారి పక్కన వేసి, "పన్నెండు నిమిషాలుంది ఇంకా" అన్నారు.

మాస్టారు నీలం పెన్సిల్ ఆమె గొంతు వినపడిన వైపు చాచారు, అల్లుడుగారి ఎదురుగానే. "పట్టుకో. ఎప్పట్లాగే."

ఆమె కూర్చుంది. మొదటి మాట కింద వేలు పెట్టింది. ఓపెన్ అని ఉంది, తరవాత లిడ్ అని ఉంది, ఆ రెంటి మధ్యా నాలుక చివర ది సిద్ధంగా ఉంది, పరిగెత్తుకొచ్చి నిలబడింది, దాన్ని పళ్ల వెనకే ఆపేసి, మడతల సెక్షన్ నుంచి వచ్చిన మొదటిరోజులాగా, కూడబలుక్కుంటూ, ఉన్నది మాత్రమే చదివింది.

"ఓపెన్... లిడ్..."

ఠక్కుమంది వేలు. ఆమె ఆ చోట ది రాసింది, మొదటిసారి తన రాతతో.